నాలుగు వేళ్ళు ముందుకు

జువ్వలదిన్నె నుంచి వచ్చింది సుమో.
వెనక సీట్లు ఎప్పుడో పీకేసినారు, చేపల పెట్టెల కోసం.
ఐసు కరిగి, ఉప్పునీళ్ళు కారి కారి
అడుగురేకు అప్పడంలా ఉంది.
"సీటు ముందుకు జరగాల," అనింది చెంచురత్నం.
"నాలుగు వేళ్ళు. అంతే."

వీపు వెనక దిండు పెట్టుకుని తోలతా ఉంది.
గలేబు మీద దారంతో కుట్టిన చిలక,
ముక్కు ఎప్పుడో అరిగిపోయింది.
క్లచ్చు అందక బొటనవేలితో తొక్కుతుందంట
కావలి దాకా, తెల్లారుజామున మూడింటికి.

సీటు పట్టాలు తుప్పుతో ఒకటైపోయినాయి.
కొత్తవి వెయ్యాలంటే నాలుగు బోల్టులు ఊడాల.
మూడు ఊడినాయి, తిట్లు తింటా.
నాలుగోది డోరు పక్క మూల.
తల చూస్తే ఆరు పలకల్లో ఒక్కటీ లేదు,
చప్పరించి ఉమ్మేసిన నిమ్మబిళ్ళలా నున్నగా.
"ఎవురమ్మా దీన్ని కెలికింది?"

ఆమె రోడ్డు వైపు చూసింది.
ఉదయగిరి బ్రిడ్జి కాడ లారీ ఒకటి హారను కొడతానే ఉంది.
"నేనే. పద్నాలుగో నంబరు పానాతో. రాత్రిపూట."
అది పదమూడు.

నాకు పని నేర్పిన నాయబ్ రసూల్ అనేవాడు:
విప్పాలంటే ముందు కాసింత బిగించరా,
ఏ పక్కకైనా సరే, కదిలిందంటే నీ మాట విన్నట్టే.
బిగించాను. వినలేదు.
డీజిలు పోసి టీకి పోయాను.
వచ్చి తల మీద సుత్తితో తట్టాను,
జ్వరమొచ్చిన పిల్లోడిని మందుకి లేపినట్టు.
పైపు పానా వేస్తే జారి
నా మెటికల తోలు పట్టుకుపోయింది.
మొండిదానితో మొండికి పోతే
ఊడే తోలు ఎప్పుడూ మనదే.

ఇంక సీటు గుడ్డ విప్పి, గోనెసంచి తడిపి చుట్టూ పరిచి
నున్నటి తల మీద పాత నట్టు ఒకటి నిలబెట్టి
దాని కడుపులో వెల్డింగు నింపాను.
"కళ్ళు మూసుకోమ్మా" అంటే
అటు తిరిగి నిలబడింది.
గోడ మీద ఆమె నీడ నీలంగా ఎగిరెగిరి పడింది.

ఎరుపు దిగి నలుపుకొచ్చే దాకా ఆగాల.
ఈడనే కుర్రోళ్ళు తొందరపడి చెడగొడతారు.
"ఆయన పొడుగు," అనింది, అటు తిరిగే.
"స్టీరింగుకి మోకాళ్ళు తగిలేవి."
నేను తడి గోనె సర్దాను.

టూలుపెట్టెలో కొవ్వొత్తి ముక్క ఉంటుంది,
వేడి మీద ఆనించాను.
మైనం కరిగి, ఎవురూ చూపించకుండానే
దారి వెతుక్కుంటా మరల్లోకి దిగింది.

పానా వేశాను. నిమ్మళంగా.
కిర్రుమనింది. పావు చుట్టు.
మళ్ళీ వెనక్కి. కాసింత ముందుకి, కాసింత వెనక్కి,
ఇసకలో కూరుకున్న పడవని
అల వచ్చినప్పుడల్లా తోసినట్టు.
ఊడి పటకారులో కొచ్చింది, పొగలు కక్కతా.
మరల నిండా ఎర్రపొడి,
ఒక చేపపొలుసు.
ఆడికెట్టా పోయిందో.

పట్టాల కింద రూపాయి బిళ్ళ, పళ్ళు విరిగిన దువ్వెన.
రూపాయి నా చేతిలో పెట్టింది.
దువ్వెనని పైటతో తుడిచి చూసింది,
కొత్త పట్టాలేసేటప్పుడు
మళ్ళీ ఆడనే పెట్టమనింది.
పెట్టాను.

కొత్త బోల్టుకి మరల దాకా గ్రీజు రాశాను.
రేపు ఎవురైనా విప్పాల్సి రావచ్చు,
అది నేనే కావచ్చు.

ఎక్కి కూర్చుని మీట లాగింది.
టకటకటక జరిగింది సీటు.
స్టీరింగుకీ పొట్టకీ మధ్య చెయ్యి పెట్టి కొలిచింది.
క్లచ్చు మీద పాదం మొత్తం ఆనింది, మడమతో సహా.
చిలక దిండు పక్క సీట్లో పడింది.

బండి తిప్పుకుని, రోడ్డెక్కబోతా ఆగి
అద్దం దించింది.
డబ్బులు ఇచ్చేసింది కదా, ఇంకేంటో అనుకున్నాను.
"అబ్బయ్యా,
పదమూడో నంబరు పానా
ఒక్కటే కొంటే ఇస్తారా?"