కళ్ళు తెరవండి

డండీలో మందుల షాపు. ఫోటో యంత్రం
నాలుగోసారీ అదే మాట:
కళ్ళు తెరవండి.

తెరిచే ఉన్నాయి.
హిమజ గడ్డం పైకెత్తి, నుదురు ముడిచి
ఆ సన్నని సందులోంచే
తెర పక్కనున్న నన్నూ, నా తడి గొడుగునీ
మొత్తం చూస్తోంది.

నిన్న ఆస్పత్రిలో డాక్టరమ్మ
కాగితం మీద రెండు గీతలు గీసింది.
రెప్ప ఎత్తే కండరం బలహీనం, పుట్టుకతోనే.
చూపు బాగానే ఉంది, వాకిలే ఇరుకు.
"ఇంట్లో ఇంకెవరికైనా..." అంటూ
నా మొహం చూసి ఆగిపోయింది.

బళ్ళో నన్ను నిద్రమొహం అన్నారు.
తలెత్తి చూస్తే పొగరన్నారు.
ముప్ఫై నాలుగేళ్ళకి తెలిసింది,
ఆ పొగరుకి నోరు తిరగని పేరొకటుందని.

ఐదోసారికి
హిమజే యంత్రాన్ని అడిగింది:
"నీవి తెరిచావా?"