టికెట్ వెనక చిల్లర

మార్కాపురం డిపో ఎదురుగా
మీరావలి టీ బంకు బెంచీకి
మూడు కాళ్లు, ఒక ఇటుకరాయి.
ఒకటో తారీఖు పొద్దున
మేం నలుగురం దాని మీద కూలబడతాం.

"ఎంత పడిందిరా?"
ముందు అడిగేది ఎప్పుడూ ఏసుపాదమే.
"మూడు వేల నూట పన్నెండు" అన్నాను.
"నెలకా, రోజుకా?" అన్నాడు వెలుగొండయ్య.
ముంచిన బిస్కెట్టు టీలో విరిగిపడేంత నవ్వు.
"ముసలోళ్ల పింఛను నాది, నీకన్నా ఎక్కువే,
నాకు దణ్ణం పెట్టు కండక్టరూ"
అన్నాడు ఖాశింపీరా.
పెట్టాను.

వెలుగొండయ్య హైస్కూల్లో లెక్కల అయ్యవారు.
మా నలుగురికీ అతనే జమీందారు.
అయినా రావాల్సిన డీఏ బకాయి
ప్రతి నెలా మొదట్నించీ కూడుకుంటా వచ్చి
శేషం దగ్గర నోరు చేదు చేసుకుంటాడు.
"ఎప్పుడిస్తారంట?"
"కొండ సొరంగంలోంచి నీళ్లొచ్చిన రోజు
తేలుకుంటా వస్తాయిలే."

ఏసుపాదం లైన్‌మన్.
స్తంభం పర్మనెంటు, ఎక్కినోడు కాంట్రాక్టు.
కూడబెట్టిందంతా పోసి
తర్లుపాడు రోడ్డులో మూడు సెంట్లు కొన్నాడు.
"పోయినేడు చూస్తే పద్నాలుగో నంబరు రాయి,
మొన్న పోతే నలభై ఒకటి.
నడస్తా ఉందిరా నా ప్లాటు,
నా మోకాళ్లకన్నా నయం."

"నాకు మాత్రం ఫిక్సెడ్ డిపాజిట్ ఉండాది"
ఖాశింపీరా రొమ్ము తట్టుకున్నాడు.
"ఇరవయ్యారేళ్ల పలకల ఫ్యాక్టరీ దుమ్ము.
తీసుకుంటానన్నా తియ్యనియ్యరు.
వడ్డీ మటుకు రోజూ తెల్లారుజామునే"
అని దగ్గి చూపించాడు.
నవ్వాం.
కొంచెం ఆలస్యంగా నవ్వాం.

నాకు టికెట్లు గుర్తొచ్చాయి.
ముప్పై మూడేళ్లు
చిల్లర లేదంటా టికెట్ వెనక రాసిచ్చాను,
రెండు, అయిదు, ఏడున్నర.
దిగేటప్పుడు అడగమని.
పెద్దదోర్నాలలో ఒక ముసలామె
మరిచిపోయి దిగి
రెండు రూపాయల కోసం
బస్సు వెనక ఇరవై గజాలు ఉరికింది,
టికెట్ పైకెత్తి పట్టుకుని.
చూశాను.
రైట్ రైట్ అన్నాను.

ఇప్పుడు నా చేతిలోనూ ఉంది ఒకటి.
వెనక ఏదో రాశారు,
బస్సు కదిలింది.
ఇది మాత్రం నేను వాళ్లకు చెప్పలేదు.

"కలిపి నాలుగు పెట్టి భాగించండయ్యా,
ఎవడికెంతో తేలిపోద్ది"
ఏసుపాదం అననే అన్నాడు.
ఖాశింపీరా సంచిలోంచి అంచు విరిగిన పలక తీశాడు,
ఎప్పుడూ ఉంటుంది, ఎందుకో అడగం.
అయ్యవారు కూడాడు, గీత గీశాడు,
నాలుగో ఎక్కం గొణిగాడు.
సగటు వచ్చింది.
మా ముగ్గురి కళ్లూ ఒక్కసారే మెరిశాయి.
వెలుగొండయ్య మమ్మల్ని చూసి,
పలకను చూసి,
గబుక్కున ఉమ్మేసి అరచేత్తో తుడిచేశాడు.
యాభై ఏళ్ల కిందట ఇదే పని చేస్తే
మా వీపులు మోగించేవాడు!
కడుపు పట్టుకుని నవ్వాం,
డిపోలో డ్రైవరు హారన్ కొట్టి కోప్పడిందాకా.

టీల డబ్బులు నేనిచ్చాను, వంద కాగితం.
"చిల్లర లేదు సామీ, రేపిస్తా" అన్నాడు మీరావలి.
"రాసియ్యి" అన్నాను.
"యాడ రాయమంటావు?"
నేనేం చెప్పలేదు.

బెంచీ మీద పలక ఎండకు ఆరింది.
ఆరేకొద్దీ తుడిచిన అంకె
సన్నగా, తెల్లగా మళ్లీ తేలింది.
నలుగురం చూశాం.
ఖాశింపీరా పలక తిరగేసి
దాని మీద గ్లాసు పెట్టుకున్నాడు.