అదురూ బెదురూ

ఎడమ కన్ను అదిరితే ఆడదానికి మేలట.
కుడి కన్నయితే కీడట.
భుజానికీ పెదవికీ అరచేతికీ
పంచాంగం వెనక పేజీల్లో ఫలాలున్నాయి.
పిక్కకేం రాశారో గుర్తు లేదు.

నాకు అదిరేది పిక్క.
బాలరాట్‌లో, జూలై చలిలో, తెల్లవారుజామున నాలుగింటికి
దుప్పటి కింద, చర్మం కింద
చేపపిల్ల ఒకటి తోకాడించి ఆగుతుంది.
చెయ్యి వేస్తే ఉండదు.
తీస్తే వస్తుంది.

ముప్పై ఏడు రోజులు.
మొదటి రోజు కూడా తెలుసు నాకు:
పాస్కో గారి మెడ కింద తువ్వాలు పరిచి
చిక్కటి గుమ్మడికాయ సూపు చెంచాతో పడుతున్న మంగళవారం.
ఆయన బొటనవేలి మొదట్లో కండ కరిగిపోయి
అక్కడొక గుంట, ఉప్పు గిన్నె అడుగులా.
గుంట చుట్టూ చర్మం
చినుకులు పడుతున్న నీళ్లలా కదులుతోంది.
చూశాను. చూసి,
చెంచా పట్టుకున్న నా చెయ్యి చూసుకున్నాను.
అంతే.

అప్పట్నించీ నా ఒంటికి నేనే కాపలా.
కేర్ హోమ్ కారిడార్లో ఎవరూ లేనప్పుడు
మడమల మీద ఇరవై అడుగులు, మునివేళ్ల మీద ఇరవై.
బాత్రూమ్ అద్దం ముందు ఫోన్ లైటు వేసి
నాలుక బయటపెట్టి నిలబడతాను
అమ్మవారిలా. జడిసేది మాత్రం నేనే.
జాకెట్లు కుట్టే టేపుతో రెండు పిక్కలూ కొలుస్తాను.
ఎడమది అర సెంటీమీటరు తక్కువ.
మళ్లీ కొలిస్తే కుడిది తక్కువ.
పచ్చడి సీసా మూత శేషు గట్టిగా బిగిస్తే కోపం,
వదులుగా పెడితే అనుమానం:
నా బలం తగ్గిందని నీకూ తెలిసిపోయిందా?
"కాఫీ తగ్గించు, కాస్త పడుకో" అంటాడు.
పడుకుంటే దాన్నెవరు చూస్తారు?

మెల్‌బోర్న్‌లో డాక్టరమ్మ సన్నసూది గుచ్చి
యంత్రం గొంతు పెంచింది.
కాలు బిగించమంది: రేకుల మీద వడగళ్లు.
వదిలెయ్యమంది: నిశ్శబ్దం.
ఇంకోచోట గుచ్చింది. నిశ్శబ్దం.
నాలో అంత నిశ్శబ్దం ఉందని
ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదు.
"అపాయం లేదు" అంది. కాగితం మీద కూడా రాసిచ్చింది.
రైలు బాకస్ మార్ష్ చేరేదాకా నమ్మాను.
అక్కడ చేప తోకాడించింది.
సూది రెండంగుళాలు పైన గుచ్చిందేమో.

గురువారం, పాస్కో గారి కళ్ల ముందు అక్షరాల పలక పట్టుకున్నాను.
ఆయన చూపు ఆనిస్తాడు, నేను పలుకుతాను,
తప్పయితే రెప్ప వేస్తాడు.
టీవీ అంటాడనుకున్నా. దిండు అంటాడనుకున్నా.
"నీ కాలు ఎలా ఉంది?" అన్నాడు.

అక్కడ ఎవరికీ చెప్పలేదు నేను.
మునివేళ్ల మీద తిరిగేటప్పుడు
ఆయన తలుపు తెరిచే ఉండేది కాబోలు.

చెవులు కాలిపోయాయి సిగ్గుతో.
అయినా చెప్పాను.
ఆయన దగ్గర అరువు తెచ్చుకున్న భయాన్ని
ఆయన మంచం పక్కన నిలబడి ఆయనకే చెప్పుకున్నాను.

పదకొండు నిమిషాలు పట్టింది ఆయన జవాబుకి.
"నాది మొదట అదరలేదు.
కప్పు జారింది. తర్వాత చొక్కా గుండీ.
అదురు డాక్టరు చూపిస్తేనే చూశా."
కళ్లు మూసి, తెరిచి, మళ్లీ పలక వైపు:
"సూపు చల్లారింది."

వేడి చేసి తెచ్చాను.

అదురూ బెదురూ అంటాం
ఒక్క ఊపిరిలో, కవల పిల్లల్ని పిలిచినట్టు.
ఏది ముందు పుట్టిందని అడగం.
నాకు తెలుసనుకుంటున్నాను ఇప్పుడు.
కొన్ని రాత్రులు తెలియదు.

నిన్న సింకులో కప్పు జారింది.
సబ్బు. సబ్బే.
నేల మీద కూర్చుని పెంకులు ఏరుతుంటే
పిక్క కదిలింది.
ఉండవే, అన్నాను దానితో,
చేతినిండా పెంకులున్నాయి.