వెతుకులాట

మూడు కంపెనీలోళ్లు వచ్చి
మా పాత ఫైళ్లే ఎక్కించి
మూడు తెరలు తెరిచిపెట్టి పోయిరి.
ఒకదానికి రంగులెక్కువ.
ఒకదానికి నెలనెలా బాడుగ.
మూడోది ఊరికేనంట, సాకేవాడుండల్ల.

ఆదోని జిన్నింగు మిల్లు,
కీబోర్డు నిండా దూది నుసి.
సంతకం పెట్టాల్సింది నేను.

గేటుకాడి దస్తగిరిని పిలిచి
"ఏది బాగుందో చూడబ్బా" అంటి.
బీడీ చెవిమీద దోపుకొని
చానాసేపు నిలబడి
ఒక్క వేలితో కొట్టె:
"లీవు కాయితం యాడుండాది"

రంగులది తెల్లమొగమేసె.
బాడుగది ఇంగ్లీషులో సారీ చెప్పె.
మూడోది గిరగిరా తిరిగి తిరిగి
మూడేండ్ల కిందటి బోనసు సర్క్యులర్ తెచ్చిచ్చె,
నోటీసుబోర్డు ఎక్కకుండా నేనే ఆపింది.

దస్తగిరి కూడబలుక్కుంటా చదివె.
"ఇదే బాగుంది సార్" అనె.

గేటుకాడ లారీ హారను కొడతాన్నా
ఆయప్ప కదల్లే.
నేను పెన్ను వెతుక్కుంటాండా,
జేబులోనే ఉన్నా.