ఆయ్

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాక అడిగింది రత్నవేణి:
"మేడం, ఇంటర్ అయిపోయింది. లా చదవమంటారా?"
వాళ్ల నాన్న ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగుతాడు.
దరఖాస్తు కాగితం తడవకుండా
పాలిథిన్ కవర్లో పెట్టి పట్టుకుంది.

ఏరు దాటేలోపు చెప్పగలిగేదా ఇది?
సరే, విను.

మొదట్లో జీతం ఉండదు.
సీనియర్ గారి బ్యాగు ఉంటుంది, మోయడానికి.
పండక్కి ఐదొందలు,
అదీ కవర్లో పెట్టి, ఆశీర్వాదంలా.
నల్లకోటు ఏప్రిల్ ఉక్కకి తెల్లటి చారలు కడుతుంది.
ఉతికినప్పుడల్లా మా అమ్మ
"ఉప్పుమడిలో పనా నీది?" అంటుంది.
బార్ రూములో ఆడవాళ్లకి ఒకటే బల్ల.
దాని కాలొకటి కురచ,
పాత తీర్పుల పుస్తకం పెట్టి నిలబెట్టాం.

వాయిదాకి అలవాటు పడాలి.
పెసింగి సూర్యకాంతం
లంకలో ఎకరం ముప్పై సెంట్లకి దావా వేసిన నాడు
ఆ నేల మీద దొండపాదు ఉండేది.
పదకొండేళ్లకి గెలిచాం.
తీర్పులో సరిహద్దులు నాలుగూ చదివారు,
నాలుగు దిక్కులా అప్పటికి వశిష్ఠే.
గట్టు మీద నిలబడి, నీళ్లకేసి చూపించి
"అదిగోనండి మన గెలుపు" అంది.
నవ్వింది కూడా.
ఆ నవ్వుని పట్టుకుని ఫీజెలా అడగను?

ఇంకోటి. ఇది ఎవరికీ చెప్పలేదు.
నా నాలుగో ఏడు. రొయ్యల చెరువు లీజు తగాదా.
బోనులో మనవాడు, గుబ్బల ఏసోబు.
అవతలి లాయరు గారు మెత్తగా, అల్లుణ్ణి పలకరించినట్టు,
"ఇదిగో ఏసోబూ, ఈ వేలిముద్ర నీది..."
ఆయ్.
"డబ్బు ముట్టింది..."
ఆయ్.
"చెరువు ఇచ్చేశావు..."
ఆయ్.

మనవైపు ఆయ్ అంటే ఏంటో నీకు చెప్పక్కర్లేదు.
వింటున్నానండి అని.
కానివ్వండి, మీరు పెద్దోరు అని.
స్టెనో మూడుసార్లు టైపు కొట్టింది:
నిజమే. నిజమే. నిజమే.

నేను లేవలేదు.
సీనియర్ గారు ఆవేళ అమలాపురంలో ఉన్నారు,
నా మోకాళ్లు నా మాట వినలేదు.
మెట్లు దిగుతూ ఏసోబు అడిగాడు,
"బాగానే చెప్పానా అమ్మా?"
నేనేమన్నానో తెలుసా?
ఆయ్ అన్నాను.

లేవడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది.
వేరే బోను, వేరే మనిషి, అదే మాట.
జడ్జి గారు హిందూపురం వైపువారు, కొత్తగా వచ్చారు.
"అయ్యా, మా గోదావరి వైపు ఆయ్ అంటే ఒప్పుకోలు కాదు,
చెవి ఇక్కడే ఉందని చెప్పడం" అన్నాను.
హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.
పెన్ను ఆపి, "మళ్లీ అడగండి" అన్నారు.
మళ్లీ అడిగితే ఆవిడ
కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని
"లేదండి" అంది.

ఆ లేదండి ఎంత బరువుంటుందో ఇప్పటికీ తెలీదు నాకు.
రొయ్యకైతే కౌంటుంది,
కొబ్బరికాయకైతే వందకింత కొసరుంది.
దీన్ని దేంతో తూచను?
పద్నాలుగేళ్ల ఉప్పుచారలు అటు వేసి చూస్తాను.
ఒక్కోరోజు తూగుతుంది.
ఒక్కోరోజు, నిన్నలాగా,
స్కూటీ పెట్రోలుకి మా తమ్ముడి ముందు చెయ్యి చాచిన రోజు,
తూగదు.

పంటు నరసాపురం రేవుకి తగిలింది.
గొలుసు పడింది. మోటారుసైకిళ్లు ఒక్కసారే పొగ వదిలాయి.
"నేను చెప్పింది అర్థమైందా?" అన్నాను.
"ఆయ్" అంది.

ఏ ఆయ్యో అడిగేలోపు
కవరు చంకలో ఇరికించుకుని
గట్టెక్కేసింది.