మూడున్నర అడుగులు

"తెగింది నరం కాదండి, లిగమెంటు"
అంది భీమవరం డాక్టరమ్మ.
మందుల చీటీ వెనక్కి తిప్పి రెండు ఎముకలు గీసి
మధ్యలో చిన్న గీత పెట్టి
వేలితో చెరిపేసింది.
రేవుకీ పడవకీ మధ్య మోకు తెగిందన్నమాట.
అంతవరకూ నాకు తెలుసు.

నీటికాకి మీదికి ఉరికింది చందువా.
ఏరేటరు పైపు మీద వెనక్కాలు మెలిపడింది.
ఒక్కటే అరుపు.
తర్వాత గట్టు మీద మూడు కాళ్ళతో నిలబడి
నాలుగోది ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

"ఆ డబ్బుతో పది కుక్కలొస్తాయి కదరా తాతబ్బాయ్"
అన్నారు చెరువు లీజు సోమరాజు గారు.
వస్తాయండి. పదీ వస్తాయి.
నా నిద్ర ఎంత పలచనో తెలిసిన కుక్క
ఆ పదిట్లో ఉండదండి.

మోకాల్లో ఇనప పలక, ఆరు స్క్రూలు.
మెడకి మేత బకెట్టు కోసి కట్టిన గొట్టం.
మొగల్తూరు దాకా ఆటోలో నా ఒళ్ళో
పట్టుబడి నాటి ఐసుపెట్టెంత బరువు.

చీటీలో రాసినవన్నీ చిన్న చిన్న పనులే.
పొట్ట కింద తువ్వాలు వేసి లేపాలి.
ఐదు నిమిషాలు నడక, మర్నాడూ ఐదే.
పడుకోబెట్టి ఆ కాలిని
సైకిలు తొక్కించినట్టు మెల్లగా పదిసార్లు.
వలముళ్ళు విప్పిన వేళ్ళు నావి, తొందరెరగవు.
తొడ చుట్టూ పురికొస చుట్టి ముడేసేవాణ్ణి.
రెండో వారం ముడి లోపలికి జరిగింది,
కండ కరిగింది.
ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

"పెళ్ళయి ఇరవయ్యేళ్ళు,
నా మోకాలు ఒక్కసారి పట్టావా?"
అంది కనకరత్నం, గుమ్మంలో బియ్యం ఏరుతూ.
నేనేం మాట్లాడలేదు.
మర్నాటి నుంచి రెండు మోకాళ్ళు పట్టాను.

పరుగొద్దు, గెంతొద్దు, పన్నెండు వారాలు.
ఇది కుక్కకి ఏ భాషలో చెప్పాలి?
నా ఉద్యోగమే అరవడం.
డబ్బా కొట్టి హోయ్ అంటే
వల గూట్లోంచి అది లేచి ఎగరబోతుంది.
కాబట్టి నేనే నోరు మూసుకున్నాను.
నీటికాకులకి రెండు రోజులు నమ్మకం కుదరలేదు.
మూడోరోజు చుట్టాలని పిలుచుకొచ్చాయి.
ఎన్ని రొయ్యలు పోయాయో లెక్క రాయలేదు.
సోమరాజు గారు అడిగితే
"ఎండలండి" అన్నాను.

కుట్లు మానాక నీళ్ళలో నడిపించమంది డాక్టరమ్మ.
నీళ్ళు బరువు మోస్తాయట.
అప్పటికే కాలువ కట్టేశారు.
పగిలిన అడుగులో పగిలిన చెప్పులు, ఒక సైకిలు చక్రం.
ఆ బీటల మీదే నడిపించాను, రోజుకో నిమిషం పెంచి.
చెరువు తూము దగ్గర మాత్రం తడి ఒండ్రు.
అక్కడ దాని అడుగులు చదివేవాణ్ణి.
మూడు నిండుగా,
నాలుగోది గోటి గీత.
కొన్నాళ్ళకి ఆ గీత పక్కన
అరమచ్చ పడింది.

మాది శివారు. నీళ్ళు అందరి తర్వాత వస్తాయి.
జూన్ చివర్న ఒక పొద్దున
కొబ్బరి మట్టలు, నురుగు, ఎవరిదో ప్లాస్టిక్ బిందె ముందు నడుస్తుండగా
కాలువ వచ్చింది.

దాని రొమ్ము దాకా నీళ్ళు, నా మోకాళ్ళ దాకా.
మురికి నీళ్ళలో కాలు కనపడదు.
నడుం మీద చెయ్యేసి విన్నాను.
కుడి, ఎడమ, కుడి,
ఆగి,
ఎడమ.
మూడు నిమిషాలని రాసుంది.
ఫోను గట్టు మీద మర్చిపోయాను.

పైకొచ్చాక ఒండ్రులో చూశాను.
నాలుగని అనను,
అబద్ధం ఆడితే కాలు వింటుంది.
మూడు ముప్పావు.

చెరువులో వెదురు మీద నీటికాకి
రెక్కలు ఆరబెట్టుకుంటోంది, ఇంటిదానిలాగా.
చందువా ఒళ్ళు తీగలా బిగిసింది.
దాన్ని చూసింది. నన్ను చూసింది.
"హోయ్" అన్నాను, గొంతు దాటకుండా.
కాకి లెక్కచెయ్యలేదు.
సరే పదమ్మా అని గొలుసు పొట్టిగా పట్టుకుని
ఇద్దరం దాని మీదికి
నడుచుకుంటూనే వెళ్ళాం.