కొండరాణి

సెప్టెంబరులో గొర్రెల్ని కొండ దింపడానికి
ఐస్‌లాండ్‌లో మేం ఏటా ఒకర్ని కొండరాజును చేస్తాం.
ఆ ఏడు హాల్బెరాను చేశాం.
కిరీటం ఉండదు,
తడిసిన చేతితొడుగులు, జేబులో ఎండుచేప ముక్క.

మూడోనాడు పొగమంచు.
నా గుర్రం చెవులు నాకే కనపడవు.
పదకొండు మందిమి ఆమె నోటికేసి చూశాం.
పాత రాజు గుడ్‌బ్రాండూర్ అయితే
ఏదో ఒక దిక్కుకు చెయ్యి చాపేవాడు.
తప్పయినా గొంతు వణికేది కాదు.
ఆ చెయ్యి వెంటే వెళ్ళి
మా అన్న వాగులో కాలు విరగ్గొట్టుకున్నాడు.
గొర్రెదాటు అంటారే, అది గొర్రెలది కాదు.

హాల్బెరా గుర్రం దిగింది.
"నాకు దారి తెలీడం లేదు" అంది.

ఎవరికీ కోపం రాలేదు, అదేమిటో.
పొయ్యి చుట్టూ చేరినట్టు దగ్గరకు జరిగాం.
ఎప్పుడూ నోరు విప్పని ఓడ్‌గేర్,
పద్నాలుగేళ్ళవాడు,
"బొల్లిముఖందాన్ని ముందు వదిలితే?
దానికి ఇల్లు తెలుసు" అన్నాడు.
ఆమె నవ్వలేదు.
"వదులు" అంది.

బొల్లిముఖం నడిచింది.
దాని వెనక మంద, మంద వెనక మేము,
అందరికన్నా వెనక ఆమె,
కుంటిపిల్లను జీను మీద వేసుకుని
ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తూ.
వినపడితే "ఉన్నా" అనాలి.

దొడ్డి చేరి లెక్కపెడితే రెండు తగ్గాయి.
సూప్ పొగలు కక్కుతోంది.
హాల్బెరా ఎవర్నీ రమ్మనలేదు,
గుర్రాన్ని వెనక్కి తిప్పింది.

కాసేపటికి, అలవాటు కొద్దీ కాబోలు,
చీకట్లోంచి నా పేరు వినపడింది.
అప్పటికే జీను బిగిస్తున్నాను.
"ఉన్నా" అన్నాను.